పదాల పుట్టుకలో ప్రాచీన క్రియారూపాలు: స్లావిక్, సంస్కృతం, తెలుగు – ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఒక పాత క్రియారూపం కాలక్రమంలో నామంగానో, విశేషణంగానో, అవ్యయంగానో ఎలా స్థిరపడుతుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• వారసత్వంగా వచ్చిన పదానికీ, ఎరువు తెచ్చుకున్న పదానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• 'తెలుగుకు సంస్కృతం తల్లి' అనే వాదాన్నీ, 'సంస్కృత పదాలన్నీ పరాయివి' అనే వాదాన్నీ ఆధారాలతో విమర్శించగలుగుతారు.
• మీ ఊరి వాడుకమాటలను భాషాచరిత్రకు సాక్ష్యాలుగా ఉపయోగించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

గోదావరి జిల్లాల విందు భోజనంలో పూర్ణం బూరెకు ప్రత్యేక స్థానం ఉంది. అందులోని 'పూర్ణం' అనే మాటకూ, రష్యన్ భాషలో 'నిండిన' అనే అర్థమిచ్చే 'పోల్నీ' అనే మాటకూ మూలం ఒకటే. అలాగే విస్తట్లో వడ్డించే 'అన్నం', రష్యన్‌లో ఆహారమనే అర్థంలో వాడే 'యెదా' ఒకే ధాతువు నుంచి పుట్టాయి. ఇవి పైకి పోలినట్లు కనిపించే మాటలు మాత్రమే కావు. వీటి సంబంధాన్ని భాషాశాస్త్రం ధ్వనిసూత్రాలతో నిరూపించింది.

ఈ విషయం తెలియగానే రెండు రకాల నిర్ణయాలు చేసేవారు కనిపిస్తారు. 'అయితే తెలుగు, రష్యన్ ఒకే కుటుంబం' అని కొందరు అంటారు. 'తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని పూర్వులు చెప్పింది దీనితో రుజువైంది' అని మరికొందరు అంటారు. ఈ రెండు నిర్ణయాలూ తప్పే. పదం ఎక్కడ పుట్టింది అనే ప్రశ్న వేరు, భాష ఎక్కడ పుట్టింది అనే ప్రశ్న వేరు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నిఘంటువు చాలు. రెండో ప్రశ్నకు ఆ భాష క్రియలను ఎలా నిర్మించుకుంటుందో, ఆ క్రియల నుంచి కొత్త మాటలను ఎలా పుట్టించుకుంటుందో చూడాలి. ఈ పాఠంలో ప్రతిపాదిస్తున్న విమర్శసూత్రం ఇదే.

2. 1816లో వెలువడిన రెండు గ్రంథాలు

సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ప్రతిపాదించాడు. ఆయన చూపిన పోలికల్లో క్రియాధాతువులు, వ్యాకరణరూపాలు ముఖ్యమైనవి. ముప్పై ఏళ్ళ తరువాత, 1816లో, క్రియలనే ఆధారంగా చేసుకొని రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. ఒకటి జర్మనీలో, మరొకటి మద్రాసులో.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రాంజ్ బాప్ రాసిన గ్రంథం వెలువడింది. సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ భాషల క్రియారూపాలతో అందులో ఆయన పోల్చాడు. ధాతువులే కాక, ధాతువుల చివర చేరే ప్రత్యయాలు కూడా ఒకదానికొకటి సరిపోతున్నాయని చూపించాడు. 1833 నుంచి భాగాలుగా వెలువడిన ఆయన తులనాత్మక వ్యాకరణంలో స్లావిక్ భాష కూడా చేరింది. నేడు మనం ఇండో-యూరోపియన్ అని పిలిచే భాషాకుటుంబానికి ఇలా క్రియల మీదే పునాది పడింది.

అదే ఏడాది మద్రాసులో ఎ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దాని ఉపోద్ఘాతానికి చేర్చిన వ్యాసంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఇదే పద్ధతిలో నడిచి, దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితాన్ని రాబట్టాడు. సంస్కృత ధాతువుల పట్టికను, పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను పక్కపక్కన పెట్టాడు. తెలుగు ధాతువులు సంస్కృత ధాతువులతో సరిపోలేదు. తమిళ, కన్నడ ధాతువులతో సరిపోయాయి. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య రచన 'ఆంధ్రదీపిక'ను కూడా ఆయన ఆధారంగా వాడుకున్నాడు. కాబట్టి ఈ నిర్ణయాన్ని కేవలం ఒక ఆంగ్లేయ అధికారి కనుగొన్న విషయంగా చూడకూడదు. దాని వెనుక తెలుగు పండితుల శ్రమ ఉంది.

ఎల్లిస్ వ్యాసానికి ఒక పరిమితి ఉంది. పట్టికల్లో ధాతువులు పోలుతున్నాయా లేదా అని ఆయన చూశాడు. ఏ ధ్వని ఏ ధ్వనిగా మారింది అనే సూత్రాలు ఆనాటికి ఇంకా ఏర్పడలేదు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణంతో ఈ పని విస్తరించింది. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద వెలువరించిన గ్రంథంతో అది ధ్వనిసూత్రాల మీద నిలబడిన శాస్త్రమైంది. ఎల్లిస్ పద్ధతి పాతబడింది కాని, ఆయన నిర్ణయం నిలిచింది.

3. స్లావిక్ మాటల్లో దాగిన పాత క్రియలు

రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, బల్గేరియన్ మొదలైనవి స్లావిక్ భాషలు. ఇవి ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఒక శాఖ. పాత క్రియారూపాలు వీటిలో మాటలుగా ఎలా స్థిరపడ్డాయో నాలుగు ఉదాహరణలు చూడండి.

3.1 నిండినది: సంస్కృతంలో 'నింపు' అనే అర్థమున్న ధాతువుకు క్త ప్రత్యయం చేరితే 'పూర్ణ' అవుతుంది. ఇక్కడ క్త ప్రత్యయంలోని తకారం నకారంగా మారుతుందని, తరువాత అది ణకారమవుతుందని సంస్కృత వ్యాకరణం చెబుతుంది. తులనాత్మక దృష్టితో చూస్తే, క్రియ నుంచి విశేషణాన్ని చేయడానికి మూలభాషలోనే 'త'తో పాటు 'న' అనే ప్రత్యయం కూడా ఉండేది. రష్యన్ 'పోల్నీ' ఆ 'న' ప్రత్యయంతో ఏర్పడిన రూపమే. రష్యన్‌లో 'నింపు' అనే అర్థంలో ఆ పాత ధాతువు విడిగా క్రియగా కనిపించదు. ధాతువు పోయింది, దాని కృదంతరూపం విశేషణంగా మిగిలింది. ఇప్పుడు రష్యన్‌లో 'నింపు' అని చెప్పాలంటే ఆ విశేషణం నుంచే మళ్ళీ కొత్త క్రియను చేసుకుంటారు.

3.2 మేల్కొలుపు: సంస్కృతంలో బుధ్ ధాతువుకు మేల్కొను, తెలుసుకొను అని అర్థాలు. దాని ప్రేరణార్థకరూపం 'బోధయతి', అంటే మేల్కొలుపుతాడు, తెలియజేస్తాడు. రష్యన్‌లో 'బ్దేత్' అంటే మేలుకొని ఉండు, 'బుదీత్' అంటే నిద్రలేపు. సంస్కృతంలో బుధ్, బోధ్ అనే తేడా ఎలా ఉందో, రష్యన్‌లో బ్ద్, బుద్ అనే తేడా అలాగే ఉంది. సంస్కృత ధకారానికి స్లావిక్‌లో దకారం రావడం, ఇక్కడి ఓకారానికి అక్కడ ఉకారం రావడం సూత్రబద్ధమైన మార్పులు. నిద్రలేపే అలారం గడియారాన్ని రష్యన్‌లో 'బుదీల్నిక్' అంటారు. వేల ఏళ్ళ నాటి ప్రేరణార్థకక్రియ ఈనాటి వస్తువుకు పేరైంది.

3.3 తేనె తినేది: ఎలుగుబంటిని రష్యన్‌లో 'మెద్వేద్' అంటారు. ఇందులో ఉన్నవి తేనె అనే నామం, తిను అనే ధాతువు. ఋగ్వేదంలో 'మధ్వద్' అనే సమాసం ఉంది. మధు, అద్ కలిస్తే మధ్వద్ అయింది. ఉకారానికి అచ్చు పరమైతే వకారం వస్తుందని మీరు పాఠశాలలో యణాదేశసంధిగా చదువుకున్నారు. స్లావిక్ మాటలోని వకారం కూడా అలా వచ్చినదే. అయితే సాధారణ రష్యన్ పాఠకుడికి ఈ సంధి తెలియదు. 'వేద్' అనే ధ్వనిని విని, 'తేనె జాడ తెలిసినది' అని అర్థం చెప్పుకోవడం అక్కడ పరిపాటి. చరిత్ర ఆధారంగా కాక, వినికిడి పోలికతో జనం చెప్పుకునే ఇటువంటి వ్యుత్పత్తిని లోకనిరుక్తి అంటారు.

3.4 తెలుసు: సంస్కృతంలో విద్ ధాతువుకు తెలియు అని అర్థం. 'నాకు తెలుసు' అనే అర్థమిచ్చే ఒక పాత రూపం ప్రాచీన స్లావిక్‌లో 'వేదే'గా నిలిచింది. అది క్రమంగా అరిగి నేటి రష్యన్‌లో 'వేద్య్' అనే అవ్యయమైంది. రష్యన్ మాట్లాడేవారు దానిని దాదాపు మన 'కదా' వాడినట్లే వాడతారు. ఇప్పుడు మన 'కదా'ను గమనించండి. 'అగు' ధాతువు వ్యతిరేకరూపం 'కాదు'. దానికి ప్రశ్నార్థకమైన ఆకారం చేరి 'కాదా' అయింది. అది హ్రస్వమై 'కదా' అయింది. 'అంటే', 'కాబట్టి', 'కానీ' అనేవి కూడా ఒకప్పటి క్రియారూపాలే. క్రియ అరిగి అవ్యయమయ్యే మార్గం రెండు భాషల్లోనూ ఒకటే. వాడుకున్న ధాతువులు మాత్రం ఎవరివి వారివే. ఇటువంటి పోలిక బంధుత్వానికి నిదర్శనం కాదు. మనుషుల భాషలన్నీ నడిచే తీరుకు నిదర్శనం.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1

(అ) 'పోల్నీ', 'పూర్ణ' పదాల పోలికకూ, 'వేద్య్', 'కదా' పదాల పోలికకూ తేడా ఏమిటి?
(ఆ) 'మెద్వేద్' అనే పదంలోని వకారం ఎలా వచ్చింది?

4. అవే రూపాలు తెలుగులోకి వచ్చిన తీరు

4.1 తయారైన మాటలు: 'అన్నం' అనే మాటను తీసుకోండి. సంస్కృతంలో అద్ ధాతువుకు తిను అని అర్థం. దాని నుంచి వచ్చిన కృదంతరూపం 'అన్న', అంటే తినబడినది. సంస్కృతంలోనే ఇది క్రియారూపంగా కాక నామంగా స్థిరపడింది. కృదంతంగా వాడవలసినచోట 'జగ్ధ' అనే వేరే రూపం వస్తుంది. అంటే తెలుగువారు ఈ మాటను తీసుకునేసరికే అది క్రియాలక్షణం కోల్పోయి, ఆహారానికి పేరై ఉంది. తెలుగులో ఇంకా కుదించుకొని వండిన బియ్యానికి పేరైంది. డెల్టాలో 'అన్నం తిన్నావా' అని అడిగేవారు చరిత్ర దృష్టితో చూస్తే తిను అనే అర్థమున్న రెండు ధాతువులను ఒకే వాక్యంలో వాడుతున్నారు. ఒకటి ఇండో-యూరోపియన్ ధాతువు, రెండోది ద్రావిడ ధాతువు. మొదటిది నామంగా గడ్డకట్టింది. రెండోది క్రియగా సజీవంగా ఉంది.

'పూర్ణం' కూడా ఇటువంటిదే. సంస్కృతంలో నిండిన అని అర్థమిచ్చే విశేషణం మన వంటింట్లో బూరెలో నింపే పదార్థానికి పేరైంది. అదే పూర్ణశబ్దం మరో దారిలో కూడా మనకు చేరింది. ప్రాకృతంలో 'ర్ణ' అనే సంయుక్తాక్షరం 'ణ్ణ'గా మారింది. ఆ దారిన వచ్చిన మాట 'పున్నమి'. ఒకే కృదంతం తత్సమంగా పూర్ణం, తద్భవంగా పున్నమి అయింది. పూర్ణం బూరెలకూ పున్నమికీ ఉన్న ఈ సంబంధం మామూలు వాడుకలో ఎవరికీ తట్టదు. క్రియారూపం పూర్తిగా నామమైపోయిందనడానికి అదే గుర్తు.

4.2 క్రియలుగా తెచ్చుకోవలసి వచ్చినప్పుడు: సంస్కృతంలోని 'బోధయతి' తెలుగు వాక్యంలో అలాగే ఇమడదు. 'గురువు బోధయతి' అంటే అది తెలుగు వాక్యం కాదు. 'బోధ'కు తెలుగు ప్రత్యయమైన 'ఇంచు'ను చేర్చి 'బోధించు' అని చేసుకున్న తరువాతే అది తెలుగు క్రియ అవుతుంది. అప్పుడు 'బోధించాడు, బోధిస్తాడు, బోధించడు, బోధిస్తే, బోధించిన' అని అన్ని తెలుగు రూపాలూ వస్తాయి. ఈ 'ఇంచు' మనం చేయు నుంచి చేయించు, ఆడు నుంచి ఆడించు అని ప్రేరణార్థకాలు చేసుకునే ప్రత్యయమే. 'బోధయతి'లో సంస్కృత ప్రేరణార్థకం ముందే ఉంది. తెలుగు దానిని గుర్తించలేదు. తన ప్రత్యయాన్ని తాను చేర్చుకుంది. జీవించు, భుజించు, రక్షించు, ప్రేమించు మొదలైన క్రియలన్నీ ఇలా ఏర్పడినవే.

రష్యన్ 'బుదీత్' క్రియకు ఇటువంటి సహాయం అవసరం లేదు. నేను, నువ్వు, అతడు అనే పురుషభేదాలకు తగిన రూపాలను అది పాత ప్రత్యయాలతోనే పొందుతుంది. ఆ ప్రత్యయాలకు సంస్కృతంలోని 'మి, సి, తి' ప్రత్యయాలతో చుట్టరికం ఉంది. అదే రష్యన్ పరభాష నుంచి క్రియను తెచ్చుకున్నప్పుడు మన 'ఇంచు' వంటి ప్రత్యయాన్ని చేరుస్తుంది. 'ఫోటో తీయు' అనే అర్థంలో వారు 'ఫొతొగ్రఫీరొవత్' అంటారు. అందులోని చివరి భాగం ఎరువు మాటను క్రియగా మార్చడానికి చేర్చినది. వారసత్వంగా వచ్చిన క్రియకూ, ఎరువు తెచ్చుకున్న క్రియకూ తేడా ఇలా బయటపడుతుంది.

ఈ పరీక్షను నేటి తెలుగుకు కూడా వర్తింపజేయండి. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటకు 'చేయు' చేర్చి ఫోన్ చేయు, డౌన్‌లోడ్ చేయు అంటున్నాం. సంస్కృతానికి ఇంచు, ఇంగ్లీషుకు చేయు. సొంత ధాతువులైన తిను, వండు, కోయు వంటివాటికి ఏదీ అక్కరలేదు.

5. తెలుగు సొంత క్రియలు: ఊడ్పు నుంచి వంట దాకా

తెలుగు తన మాటలను తానెలా పుట్టిస్తుందో తెలుసుకోవడానికి గోదావరి డెల్టా వరిసాగును చూస్తే చాలు. నారును మడిలో ఊడిస్తే ఊడ్పు. పైరు పండితే పంట. కోస్తే కోత. కళ్ళంలో నూరిస్తే నూర్పు. వండితే వంట. తింటే తిండి. పొలం నుంచి పీట దాకా ప్రతి దశకూ ఉన్న ఈ పేర్లు తెలుగు క్రియల నుంచే పుట్టాయి. ఈ మాటలు విడివిడిగా ఎవరో పెట్టిన పేర్లు కావు. వీటి వెనుక కొన్ని అచ్చులు ఉన్నాయి.

మొదటి అచ్చు: ఊడ్చు – ఊడ్పు, నూర్చు – నూర్పు, నేర్చు – నేర్పు, కూర్చు – కూర్పు, తీర్చు – తీర్పు, ఓర్చు – ఓర్పు. కళ్ళంలో రైతు చేసే పనికీ, న్యాయస్థానంలో న్యాయమూర్తి ఇచ్చే నిర్ణయానికీ పేరు పుట్టించిన పద్ధతి ఒకటే.

రెండో అచ్చు: కోయు – కోత, మేయు – మేత, నేయు – నేత, రాయు – రాత, పూయు – పూత.

మూడో అచ్చు: వండు – వంట, పండు – పంట, మండు – మంట, ఆడు – ఆట, పాడు – పాట. ఇక్కడ ధాతువు చివరి డకారం, ప్రత్యయం కలిసి టకారమైంది.

ఈ మూడో అచ్చు తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. కన్నడంలో ఆడు – ఆట, నోడు – నోట అంటారు. నోడు అంటే చూడు, నోట అంటే చూపు. తమిళంలో ఆడు – ఆట్టం, పాడు – పాట్టు అంటారు. తిను అనే ధాతువు తమిళ, కన్నడాల్లోనూ, గోండీలోనూ 'తిన్'గానే ఉంది. గోదావరికి ఎగువన మన్యంలో మాట్లాడే కోయభాష గోండీకి దగ్గరి బంధువు. స్లావిక్‌కూ సంస్కృతానికీ మధ్య ఏ రకమైన సాక్ష్యం మనకు దొరికిందో, తెలుగుకూ ఈ భాషలకూ మధ్య అదే రకమైన సాక్ష్యం దొరుకుతోంది. ధాతువు, ప్రత్యయం, ధ్వనిమార్పు మూడూ సరిపోతున్నాయి.

క్రియల లోపలి నిర్మాణంలో కూడా ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. 'నేను తినను' అన్నప్పుడు వద్దు అనే అర్థం క్రియలోనే ఉంది. సంస్కృతంలో క్రియకు 'న' అనే వేరే మాటను, రష్యన్‌లో 'నె' అనే వేరే మాటను చేర్చాలి. ఆ రెండూ ఒకే మాటకు రూపాంతరాలు. అలాగే 'చేశాను, చేశావు, చేశాడు' అనే క్రియల చివరి భాగాలను నేను, నీవు, వాడు అనే సర్వనామాలతో పోల్చి చూడండి. ఈ ప్రత్యయాలు తెలుగు సర్వనామాల నుంచి వచ్చినవి. సంస్కృత ప్రత్యయాలతో వీటికి సంబంధం లేదు.

అన్నానికి దేశ్యమైన మాట 'కూడు'. తమిళంలో గంజి, ఆహారం అనే అర్థాల్లో 'కూళ్' అనే మాట ఉంది. తమిళంలో నాలుకను మడిచి పలికే ప్రత్యేకమైన ళకారానికి తెలుగులో డకారం రావడం సూత్రం. అందుకే అక్కడ 'ఏళు' ఇక్కడ ఏడు, అక్కడ 'కోళి' ఇక్కడ కోడి, అక్కడ 'కూళ్' ఇక్కడ కూడు. ఇంత పాత మాట ఇప్పుడు 'కూడూ గుడ్డా' వంటి జంటల్లోనూ, కోపంలోనూ మాత్రమే వినిపిస్తోంది. ఎరువు మాటకు గౌరవం పెరిగి, సొంత మాటకు తగ్గింది. ఇది పదానికి ఉన్న లోపం కాదు. ఏ పదాన్ని ఎవరి ముందు వాడాలని సమాజం నిర్ణయించిందో చెప్పే చరిత్ర.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2

(అ) సంస్కృతపదం తెలుగులో క్రియగా మారడానికి ఏ ప్రత్యయం కావాలి? మూడు ఉదాహరణలు ఇవ్వండి.
(ఆ) 'తీర్పు', 'నూర్పు' పదాల నిర్మాణంలోని సామ్యాన్ని వివరించండి.

6. నన్నయ రచనకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే

రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ 11వ శతాబ్దంలో మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. నందంపూడి శాసనాన్ని కూడా ఆయనే రచించాడు. దాని కాలం 1053. తేదీ తెలిసిన తొలి స్లావిక్ చేతిరాత గ్రంథాల్లో ఒకటైన ఓస్త్రోమీర్ సువార్త 1056–57లో తయారైంది. గోదావరి తీరంలోనూ రష్యన్ నేలలోనూ దాదాపు ఒకే కాలంలో రెండు భాషలు గ్రంథస్థమవుతున్నాయి. రెండింటిలోనూ ప్రాచీన ఇండో-యూరోపియన్ క్రియల జాడలు ఉన్నాయి. కాని ఒకచోట అవి వారసత్వం, మరొకచోట ఎరువు.

నన్నయ శైలిని గురించి రాసేటప్పుడు ఎన్ని సంస్కృత పదాలు, ఎన్ని తెలుగు పదాలు అని లెక్కపెట్టడం విమర్శలో ఒక అలవాటుగా ఉంది. శైలి గురించి ఈ లెక్క కొంత చెబుతుంది. భాష గురించి మాత్రం ఏమీ చెప్పదు. ఒక ఉదాహరణ చూడండి. ఆయన భారతం ఒక సంస్కృత శ్లోకంతో మొదలవుతుంది. అది తెలుగు పద్యం కాదని ఎలా చెబుతున్నాం? అందులోని నామవాచకాలు చాలావరకు తెలుగు పద్యాల్లోనూ కనిపించేవే. కాని దాని విభక్తులు సంస్కృతవిభక్తులు. దానిని ముగింపుకు తెచ్చే సమాపకక్రియ భూ ధాతువుకు ఆశీరర్థకరూపం. రష్యన్‌లో ఉండు అనే అర్థమున్న 'బిత్' కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. అందువల్ల ఆ శ్లోకం ఇండో-యూరోపియన్ వాక్యం.

తరువాతి తెలుగు పద్యాల్లో సంస్కృతసమాసం ఎంత పొడవుగా సాగినా, దానికి తెలుగు విభక్తి చేరాలి, వాక్యం తెలుగు క్రియతోనో తెలుగు వాక్యనిర్మాణంతోనో ముగియాలి. ఆ ముగింపు ఎక్కడ ఉందో వెతకండి. పద్యాన్ని నిలబెట్టినది అదేనని గ్రహిస్తారు. నన్నయ ప్రతిభను సంస్కృతపదాల సంఖ్యలో కాక, పొడవైన సమాసాన్ని తెలుగు క్రియ మోయగలిగేటట్లు పద్యాన్ని తీర్చడంలో చూడటం సరైన విమర్శ.

దీనికి రెండో కొసన 16వ శతాబ్దపు 'యయాతి చరిత్ర' ఉంది. పొన్నికంటి తెలగన తత్సమాలను విడిచి అచ్చతెనుగులో దానిని రాశాడు. నన్నయ పదజాలానికీ తెలగన పదజాలానికీ ఎంతో దూరం. కాని ఇద్దరి క్రియావ్యవస్థ ఒకటే. పదజాలాన్ని ఇంతగా మార్చినా భాష మారలేదంటే, భాషకు ఆయువుపట్టు పదజాలంలో లేదని అర్థం. అచ్చతెనుగు సంప్రదాయం తద్భవాలను కాదనలేదన్నది కూడా గుర్తుంచుకోండి. పున్నమి వంటి మాటలకు అందులో చోటుంది.

7. రెండు వాదాలపై విమర్శ

7.1 సంస్కృతజన్యవాదం: సంస్కృతం భాషలన్నిటికీ తల్లి అని 13వ శతాబ్దపు వ్యాకర్త కేతన 'ఆంధ్రభాషాభూషణం'లో భావించాడు. 20వ శతాబ్దంలో చిలుకూరి నారాయణరావు 'ఆంధ్రభాషాచరిత్రము'లో తెలుగు ప్రాకృతభాషల నుంచి వచ్చిందని వాదించారు. 1937లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించిన ఆ గ్రంథంలోని సామగ్రి విలువైనది. అయితే పదాలను విడివిడిగా తీసుకొని ఒక్కొక్కదానికి ప్రాకృతమూలం వెతికే పద్ధతిలో చిక్కుంది. వెతికితే పోలిక దాదాపు ప్రతి పదానికీ దొరుకుతుంది. కోత, మేత, నేత వంటి వరుసలకు మొత్తంగా సమాధానం మాత్రం దొరకదు. మన వ్యాకర్తలే 'దేశ్యం' అనే వర్గాన్ని గుర్తించడం ఇక్కడ ముఖ్యం. సంస్కృతానికీ ప్రాకృతానికీ కట్టుబడని మాటలు తెలుగులో ఉన్నాయని ఆ పేరు పెట్టడంతోనే వారు అంగీకరించారు.

7.2 పరిశుద్ధవాదం: సంస్కృతపదాలు పరాయివి కాబట్టి వాటిని తీసివేయాలనేది దీనికి ఎదురువాదం. పై పరీక్ష ప్రకారం ఇది కూడా నిలవదు. 'బోధించడు' అనే మాటలో ధాతువు సంస్కృతానిదైనా, క్రియను చేసినదీ, కాలాన్ని, పురుషను, వ్యతిరేకార్థాన్ని చెప్పినదీ తెలుగే. తెలుగు అచ్చులో పోసిన తరువాత అది తెలుగు మాట. అన్నాన్ని పరాయి మాట అనడంలో చారిత్రకసత్యం ఉంది, భాషాసత్యం లేదు.

ఈ రెండు వాదాలకూ ఒకే లోపం ఉంది. రెండూ మాటలను లెక్కిస్తాయి, మాటలను పుట్టించే క్రియలను చూడవు.

7.3 లోకనిరుక్తి: రష్యన్ల 'తేనె జాడ తెలిసినది' వంటి నిరుక్తులు మన దగ్గరా ఉన్నాయి. తెలుగు అనే పేరు 'త్రిలింగ' నుంచి వచ్చిందని చెప్పేటప్పుడు కాళేశ్వరం, శ్రీశైలంతో పాటు డెల్టాలోని ద్రాక్షారామాన్ని కూడా చూపిస్తారు. భక్తిలోనూ సాహిత్యంలోనూ ఈ నిరుక్తికి విలువ ఉంది. కాని అది ధ్వనిసూత్రాల ఆధారంగా చెప్పినది కాదు, ఉన్న పేరుకు తరువాత సమకూర్చిన వివరణగా ఎందరో పండితులు భావించారు. 'గోదావరి' పేరులో దా ధాతువును చూసి, గౌతముని గోవు కథతో అర్థం చెప్పడం కూడా సంప్రదాయంలో ఉంది. దా ధాతువు ఉన్నదే, రష్యన్ 'దాత్' దానికి బంధువే. దానం, దాత, దత్తత మొదలైన మాటలు దాని నుంచి నిస్సందేహంగా వచ్చాయి. కాని నదుల పేర్లు తరచు ఆ ఒడ్డున ఇప్పుడు వినిపించే భాషలకంటే పాతవి. వ్యాకరణం ప్రకారం కుదిరే వ్యుత్పత్తి చరిత్ర ప్రకారం కూడా నిజం కావాలని లేదు. ఈ జాగ్రత్త విమర్శకుడికి తప్పనిసరి.

8. సారాంశం

ప్రాచీన ఇండో-యూరోపియన్ క్రియారూపాలు స్లావిక్‌లో విశేషణాలుగా, నామాలుగా, అవ్యయాలుగా మిగిలాయి. అవి ఆ భాషలకు వారసత్వంగా వచ్చాయి. అవే రూపాలు సంస్కృతం ద్వారానూ ప్రాకృతం ద్వారానూ తెలుగులోకి తయారైన మాటలుగా వచ్చాయి. వాటిని క్రియలుగా వాడుకోవడానికి తెలుగు తన సొంత ప్రత్యయాన్ని చేర్చుకుంది. తెలుగు సొంత క్రియలు ద్రావిడభాషలతో ధాతువులోనూ ప్రత్యయంలోనూ ధ్వనిమార్పులోనూ సరిపోతాయి. భాష పుట్టుకను నిర్ణయించడానికి ఆధారం ఇదే. ఎల్లిస్ 1816లో ధాతువుల పట్టికల్లో వెతికిన సాక్ష్యం కళ్ళంలో నూర్పులు చేసే రైతుకూలీ నోట ఈనాటికీ ఉంది. ఊడ్పు, కోత, నూర్పు 'చదువురాని వారి మాటలు' అని ఎవరైనా అంటే, తెలుగు ఏ కుటుంబానిదో సాక్ష్యం చెప్పేవి ఆ మాటలేనని మీరు జవాబు చెప్పగలగాలి.

9. నమూనా పరీక్షా ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు
1. 'మాటలు ఎరువు రావచ్చు, క్రియావ్యవస్థ వారసత్వంగానే వస్తుంది' – ఈ అభిప్రాయాన్ని స్లావిక్, తెలుగు ఉదాహరణలతో చర్చించండి.
2. నన్నయ శైలిని సంస్కృతపదాల సంఖ్యను బట్టి అంచనా వేయడంలోని పరిమితులను వివరించండి.

సంగ్రహరూప ప్రశ్నలు
1. 'అన్నం', 'పున్నమి' పదాల వ్యుత్పత్తిని వివరించండి.
2. లోకనిరుక్తి అంటే ఏమిటి? ఒక రష్యన్, ఒక తెలుగు ఉదాహరణ ఇవ్వండి.

అభ్యాసం
మీ ఇంటి వృత్తికి గాని, మీ ఊళ్ళోని ఒక చేతిపనికి గాని సంబంధించిన ఇరవై నామవాచకాలను పెద్దలను అడిగి సేకరించండి. వాటిలో తెలుగు క్రియల నుంచి పుట్టినవి ఏవి, ఎరువు వచ్చినవి ఏవి అని విభజించండి. మొదటి వర్గంలోని పదాలను పై మూడు అచ్చుల్లో సర్దండి. వాటిలో ఇమడని పదాలు మిగిలితే వాటిని విడిగా రాసుకొని, వాటికి వేరే అచ్చు ఏదైనా ఉందేమో పరిశీలించండి.